గీత పడని బల్ల

ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద గది సోఫాది. మిగిలిన గదుల్లో మనుషులు సర్దుకునేవాళ్ళు.

ముందుగది అనేవాళ్ళు దాన్ని. వీధిలోంచి మెట్లెక్కితే ఎదురయ్యేది ఆ గది తలుపే, కానీ అది ఎవరికోసమూ తెరుచుకోదు. పక్క సందులోంచి వచ్చి, నడవలో చెప్పులు విడిచి, ఆ నడవ దాటి వంటింట్లోకి పోవడమే అందరికీ అలవాటు. చుట్టం వచ్చినా అంతే. "ముందుగదిలో కూర్చుందాం రండి" అని అత్తగారు నోటినిండా పిలిచేది. అంతలోనే ఆ వచ్చినవాళ్ళ కాళ్ళకేసి, చంకలో ఉన్న పిల్లవాడి ముక్కుకేసి చూసేది. "వద్దులే, వంటింట్లో అయితే టీ తాగుతూ కబుర్లు చెప్పుకోవచ్చు" అని తనే మాట మార్చేది. చుట్టాల కోసం ఉంచిన గదిలో చుట్టాలు కూర్చుంటే గది పాడైపోదూ! ఆ గదికి తగిన చుట్టం ఇంకా పుట్టలేదని కోడలికి కాపురానికొచ్చిన మొదటి ఏడే అర్థమైంది.

లోపల ఏముందంటారా? తెల్ల తొడుగు వేసిన సోఫా, దాని ముందు అద్దాల టీపాయ్, ఎవరూ తాగని కప్పులున్న బీరువా, ఎవరూ తొక్కని తివాచీ. సోఫా తొడుగు కోడలే కుట్టింది, వచ్చిన కొత్తలో. "మా అమ్మాయి కుట్టిందే, కొన్నదనుకుంటారు" అని అత్తగారు వంటింట్లో కూర్చున్న ప్రతివాళ్ళకీ చెప్పేది. చూపించేది మాత్రం కాదు. వారానికోసారి వెళ్ళి దుమ్ము దులిపి, తలుపు మూసి వచ్చేది. మనిషి అడుగుపెట్టని గదిలో అంత దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ దుమ్ముకే తెలియాలి.

ఇక కోడలి సంగతి. ఆమె కుట్టుపని చేసేది నడవలో. గోడ వారన మిషను, దాని పక్కన నేల మీద ఒక చెక్క పలక, ఆ పలక మీద వంగి కత్తిరించుకోవడం. ఇల్లంతటికీ దారి అదే కాబట్టి ఇంట్లో వాళ్ళందరూ రోజంతా ఆమె పని మీదుగానే తిరిగేవాళ్ళు. మొగుడు చేతిలో టీ గ్లాసుతో గుడ్డల మీంచి ఒక్క గెంతు గెంతేవాడు. ఇన్నేళ్ళుగా గెంతీ గెంతీ ఆ విద్యలో ఆరితేరాడు. అత్తగారు గెంతలేదు గనక తొక్కుకుంటూ పోయేది. పైగా, "దారిలో పెట్టుకుంటే ఎలాగమ్మా" అనేది. ఒకసారి ఎవరిదో పట్టుగౌను మీద టీ ఒలికింది. కోడలు కొత్త గుడ్డ తెచ్చి మొదట్నించీ మళ్ళీ కుట్టి ఇచ్చింది. ఆ రోజు మొగుడు ఆమెను నవ్వించబోయి, "ఇల్లు ఇరకటం, ఆలు మర్కటం అని ఊరికే అన్నారా?" అన్నాడు. చేతిలో ఉన్న టేపు గురిచూసి విసిరింది. గురి తప్పలేదు.

ఇల్లు ఇరకటమైతే ఆమె ఊరుకునేదే. ఇరకటం కాదు గదా! గోడకి అవతలే అంత గది, రెండు కిటికీలు, పొద్దున్నించి సాయంత్రం దాకా వెలుతురు. ఆ వెలుతురంతా సోఫా మీద పడుతుంటే ఆమె ఇక్కడ చీకట్లో సూదిలోకి దారం ఎక్కించుకోవాలి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, ఆ గది ఎవరికీ పనికిరాదు, పనికొచ్చేవాళ్ళకి ఇవ్వరు.

అలాంటి రోజుల్లో కొట్టావిడ కబురు పెట్టింది. బజార్లో పెద్ద యూనిఫాంల కొట్టు ఆవిడది. కోడలు బాగుచేసిన ఒక కోటు కాలరు ఎవరి ఒంటి మీదో చూసి, ఆరా తీసి పిలిపించింది. ఆస్పత్రి డాక్టర్లు వేసుకునే తెల్లకోట్లు కుట్టాలి, ఏడాది పొడుగునా పని ఉంటుంది అంది.

"చెయ్యి బాగుంది. కానీ చోటు కూడా చూడాలమ్మా. తెల్లబట్ట. ఒక్క మరక పడిందంటే ఆస్పత్రివాళ్ళు నన్నంటారు, నిన్ను కాదు. ఈ సెలవు రోజున వస్తాను. నువ్వు పనిచేసే బల్ల చూసి, నచ్చితే గుడ్డ అక్కడే ఇచ్చి పోతాను."

కోడలు ఇంటికి నేల మీద కాళ్ళు ఆనకుండా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె చేసిందంతా జిప్పులు మార్చడం, అంచులు మడవడం, వేరేవాళ్ళు తప్పుగా కుట్టినవి విప్పి సర్దడం. ఇది అలా కాదు. మొదటి కత్తెర దగ్గర్నించి చివరి కాజా దాకా తన చేతిపనే. అది పోతే ఇక బతుకంతా ఇంకొకరి కుట్లు విప్పుకుంటూ కూర్చోవడమే.

ఆ సాయంత్రమే అత్తగారిని అడిగింది. గొడవకి సిద్ధపడి, నోట్లో మాటలు నూరుకుని మరీ అడిగింది.

"అత్తయ్యా, ముందుగది నాకు పనికి కావాలి."

"తీసుకో," అంది అత్తగారు. "నేనేమన్నా కాదన్నానా? నువ్వు అడిగావా, నేను ఇవ్వనన్నానా?"

కోడలు ముందుగది వైపు రెండడుగులు వేసింది.

"సోఫా మాత్రం కదపొద్దు," అంది అత్తగారు. "బీరువా కూడా. ఆ తివాచీ మీద మిషను కాళ్ళు పడితే గుంటలు పడతాయి, కాబట్టి మిషను నడవలోనే ఉంటే మంచిది. చుట్టాలొస్తే గది గదిలా కనబడాలి. అంతే. మిగతాదంతా నీ ఇష్టం."

మిగతాదంటే గాలి.

సోఫా సంగతి మొగుడు ఆమెకు ఎప్పుడో చెప్పాడు. అత్తగారు కొత్తకోడలిగా ఉన్న రోజుల్లో ఆవిడ అక్క ఒకసారి చూడ్డానికి వచ్చిందట. ఇంట్లో కూర్చోబెట్టడానికి ఏమీ లేక, పెరట్లో బక్కెట్టు బోర్లించి కూర్చోబెట్టారట. ఆవిడ ఊరంతా తిరిగి "మా చెల్లెలింట్లో బక్కెట్టే సింహాసనం" అని నవ్వుతూ చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ చెల్లెలికి అది గుండెల్లో దిగబడిపోయింది. సంసారం కాస్త నిలదొక్కుకోగానే మొదట కొన్నది సోఫా. అక్క మళ్ళీ వచ్చేలోపల అక్కకి ఆరోగ్యం చెడింది, పోయింది కూడా. ఆ మాట విన్నప్పుడు కోడలికి జాలేసింది. ఇప్పుడు జాలితో పాటు ఒళ్ళు కూడా మండింది. పోయినావిడ కోసం దాచిన చోట్లో బతికున్న మనిషి కూర్చోకూడదా?

మొగుడు నక్షాలు గీసే ఆఫీసులో పనిచేస్తాడు. అమ్మకీ పెళ్ళానికీ మధ్య మాట పెరగకుండా ఉండాలంటే కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడమే మేలని అతని నమ్మకం. గది కొలిచాడు. గీశాడు. చెరిపాడు. "ఇదిగో, సోఫా ఎక్కడిదక్కడే. బీరువా ఎక్కడిదక్కడే. కిటికీ కింద నీ బల్ల. చూడు, ఎంత చక్కగా పట్టిందో!" అన్నాడు. నిజమే, కాగితం మీద అన్నీ పట్టాయి. కాగితం మీద మనుషులు ఉండరు మరి.

"బల్ల చుట్టూ నేను తిరగాలండీ. కోటు కత్తిరించాలంటే మూడు వైపులా నిలబడాలి. ఇక్కడ సోఫా వీపుకీ బల్లకీ మధ్య చెయ్యి కూడా దూరదు."

"కాస్త పక్కగా వంగి కత్తిరిస్తే?"

"మీరు కాస్త పక్కగా వంగి గీతలు గీస్తారా ఆఫీసులో?"

అతను మళ్ళీ చెరిపాడు. ఈసారి సోఫా జానెడు జరిగింది, కాగితం మీదే. అత్తగారు కళ్ళజోడు తెచ్చుకుని వచ్చి చూసి, వేలితో దాన్ని వెనక్కి జరిపింది. అతను వెనక్కే గీశాడు. గోడ మీద పిల్లివాటం అంటే ఏమిటో కోడలు పుస్తకంలో చదవక్కర్లేకపోయింది.

వడ్రంగి మేస్త్రి వచ్చాడు. "పని బల్లా, షోకు బల్లా?" అని ముందే అడిగాడు, పాపం.

"పని బల్లే మేస్త్రీ. గట్టిగా ఉండాలి. పైన పాలిషూ గీలిషూ ఏమీ వద్దు. గుడ్డ జారిపోకూడదు," అంది కోడలు.

"ముందుగదిలో పెట్టేది బల్లయినా బల్లలా ఉండకూడదు," అంది వెనకనుంచి అత్తగారు. "ఆ కప్పుల బీరువా చూశావా, ఆ రంగు రావాలి. మొహం కనబడాలి."

"అత్తయ్యా, నేను దాని మీద కత్తెర నడపాలి. మొహం చూసుకోవడానికి కాదు."

"నడుపు. ఎవరొద్దన్నారు? నున్నగా ఉంటే నడవదా?"

మేస్త్రి కోడలి వంక చూశాడు, అత్తగారి వంక చూశాడు, చివరికి ఇంటి యజమాని వంక చూశాడు. యజమాని టేపు చుట్టుకుంటున్నాడు. "చూడ్డానికి బాగుంటే వచ్చే ఆవిడకి కూడా నచ్చుతుంది కదా," అన్నాడు మెల్లిగా. అయిపోయింది. బల్ల అద్దంలా తయారైంది. బిగించి వెళ్ళేటప్పుడు మేస్త్రి కూడా తన పని చూసి తనే ముచ్చటపడి, "గీతలు పడకుండా చూసుకోండమ్మా" అని చెప్పి మరీ పోయాడు. ఆ మాటతో అత్తగారికి కొండంత బలం వచ్చింది.

మర్నాడు కోడలు కత్తెర, సుద్ద పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళేసరికి బల్ల మీద లేసు గుడ్డ పరిచి ఉంది. దాని మీద పూలకూజా.

"ఇదేమిటత్తయ్యా!"

"ఆవిడ వచ్చి చూసేదాకా ముట్టుకోకు తల్లీ. కొత్తది కొత్తగా ఉంటేనే కదా మర్యాద."

"ఆవిడ చూసి వెళ్ళాక?"

"అప్పుడు చూద్దాంలే."

కోడలు మళ్ళీ నడవలోకి వచ్చి పలక ముందు కూలబడింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందు రానివ్వాలో తెలియక జిప్పు ఊడదీయడం మొదలుపెట్టింది. కావలసింది ఒక బల్ల. చేయించారు. ఉన్న సోఫాకి తోడు ముట్టుకోకూడని వస్తువు ఇంకొకటి వచ్చి చేరింది, అంతే. పాలిష్ వాసనకి ఇల్లంతా తలనొప్పి మాత్రం మిగిలింది.

సెలవు రోజు రానే వచ్చింది, కొట్టావిడ కూడా వచ్చింది. అత్తగారి పట్టుదల వల్ల ముందు తలుపులోంచే రమ్మన్నారు. ఏళ్ళ తరబడి మూసి ఉన్న తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. లోపల్నించి మొగుడు లాగుతుంటే, బయట మెట్ల మీద ఆవిడ గుడ్డల సంచి పట్టుకుని ఎండలో నిలబడింది. చివరికి ఆవిడే బయటనుంచి భుజంతో ఒక్క తోపు తోసి లోపలికొచ్చింది.

"గది చాలా బాగుందే," అంది చుట్టూ చూసి.

అత్తగారి మొహం వెలిగిపోయింది. కొట్టావిడ సోఫా వైపు నడవబోతుంటే మాత్రం, "ఇటు కూర్చోండి, ఇటైతే గాలి బాగా తగుల్తుంది" అని వంటింటి కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ వింతగా చూసి కూర్చుంది.

"పని ఎక్కడ చేస్తావమ్మా?"

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "ఇక్కడే! ఆ బల్ల మీదే. పొద్దస్తమానం దాని దగ్గరే ఉంటుంది. మేమెవ్వరం ఈ గదిలోకి అడుగే పెట్టం."

ఆ చివరి మాట ఒక్కటే నిజం. కాదని చెప్పాలని కోడలికి నాలుక దాకా వచ్చింది. కానీ ఆ సంచిలోంచి తెల్లబట్ట అంచు కనబడుతోంది. దాన్ని చూస్తూ తల ఊపేసింది.

కొట్టావిడ లేచింది. పూలకూజా తీసి అత్తగారి చేతికిచ్చింది. లేసు గుడ్డ మడిచి పక్కన పెట్టింది. బల్ల మీద అరచెయ్యి ఆనించి ఆ చివర్నించి ఈ చివరిదాకా నిమిరింది. తర్వాత వంగి, కిటికీ వెలుతుర్లో ఏటవాలుగా చూసింది.

"ఎన్నాళ్ళైంది ఈ బల్ల చేయించి?"

"చాలా రోజులైందండీ," అన్నాడు మొగుడు.

"మొన్ననే," అంది అత్తగారు, అదే క్షణంలో.

"ఒక్క గీత లేదు," అంది కొట్టావిడ. "కత్తెర మొన తగల్లేదు. గుర్తులు వేసే చక్రం పళ్ళు దిగలేదు. గుండుసూది గీరినట్టు కూడా లేదు. మా కొట్లో బల్ల చూడండి, దున్నిన పొలంలా ఉంటుంది. నాకు చూపించడానికి చేయించారు కదూ ఇది?" కోడలి వైపు తిరిగింది. "నువ్వు నిజంగా పని చేసే చోటు చూపించమ్మా."

కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. ఆవిణ్ణి నడవలోకి తీసుకెళ్ళింది. కొట్టావిడ నేల మీదున్న పలక ముందు గొంతుక్కూర్చుంది. దాని నిండా గీతలే. కాలర్ల వంపులు, చేతుల చంకలు, ఒకదాని మీద ఒకటి. ఆవిడ వేలితో ఒక వంపు వెంబడే వెళ్ళింది.

"ఇదీ చెయ్యంటే," అంది.

కోడలికి ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే మొగుడు వంటింట్లోంచి టీ కప్పులు పట్టుకుని వచ్చాడు. వచ్చి, ఎప్పట్లాగే, పలక మీంచి ఒక్క గెంతు గెంతాడు. ఒక్క చుక్క ఒలకలేదు. అతని మొహంలో ఆ మాత్రం గర్వం కూడా కనబడింది.

కొట్టావిడ కప్పు అందుకోలేదు. లేచి నిలబడింది.

"చెయ్యి మంచిదమ్మా. కానీ నా తెల్లబట్ట దారిలో పరచను. అంత గది ఖాళీగా పెట్టుకుని నిన్నిక్కడ కూర్చోబెట్టారంటే, ఈ ఇంట్లో నీ పనికి ఎంత చోటుందో తెలుస్తూనే ఉంది. రేపు నా పనికైనా అంతే చోటు." సంచి భుజానికి తగిలించుకుని, అందరిలాగే పక్క సందులోంచి వెళ్ళిపోయింది.

కోడలు అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి ముందుగదిలో ఏదో సర్దుతున్న చప్పుడు వినబడి వెళ్ళింది. అత్తగారు కూజా చంకలో ఇరికించుకుని, బల్ల మీద లేసు గుడ్డ మళ్ళీ పరుస్తోంది.

"పోతే పోయిందిలే అమ్మాయ్," అంది అత్తగారు. "గది మాత్రం బాగుందని ఒప్పుకుంది, విన్నావా?"

ఓర్పుకీ ఒక హద్దుంటుంది. కోడలు వెళ్ళి టీపాయ్ పక్కకి లాగింది. తివాచీ అంచు సోఫా కాళ్ళ కింద సరిగా ఉందో లేదో చూసుకుంది. తర్వాత తివాచీని రెండు చేతులా పట్టుకుని లాగింది. సోఫా కదిలింది.

"ఏం చేస్తున్నావే! అయ్యో, ఏం చేస్తున్నావ్!"

"చోటు మారుస్తున్నానత్తయ్యా. ఇది నా చోట్లో ఉంటుంది. నేను దీని చోట్లో ఉంటాను. దీనికి పనేం లేదుగా, దారిలో ఉంటే దీనికేం నష్టం?"

"ఒరేయ్, చెప్పరా దానికి!"

మొగుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అతను చేతిలో ఉన్న కప్పుల వంక చూశాడు, ఇందాక తాను గెంతిన పలక వంక చూశాడు. కప్పులు కిటికీలో పెట్టాడు. వచ్చి సోఫా రెండో చివర పట్టుకున్నాడు.

"నువ్వు కూడానా?" అంది అత్తగారు.

"పక్కకి జరుగమ్మా, బరువుగా ఉంది," అన్నాడు.

మిషనూ పలకా లోపలికి లాక్కుని దారి చేశారు. సోఫా గుమ్మంలో ఇరుక్కుంది, అడ్డం తిప్పారు, నిలువుగా ఎత్తారు, చెక్క కాస్త గీరుకుంది, నడవలో పడింది. గోడకి గోడకి సరిపోయింది. ఇక వంటింట్లోకి పోవాలంటే ఎవరైనా దాన్ని ఎక్కి దిగాల్సిందే. కోడలు దాని తొడుగు ఒక్క లాగులో ఊడబెరికి, ముందుగదిలోకి తీసుకెళ్ళి, లేసు గుడ్డ తీసేసి బల్ల మీద పరిచింది. ముందువైపు ఎండకి పసుపెక్కింది. గోడవైపు ఉన్నదంతా పాలలా తెల్లగా ఉంది. ఆ తెల్లని భాగం మీద సుద్దతో కోటు గీసింది. చక్రం తీసి, బలంగా అదిమి, భుజం నుంచి అంచు దాకా నడిపింది. చెక్క కరకరమంది.

"గీతలు పడుతున్నాయే!" అని నడవలోంచి అత్తగారు అరిచింది.

"పడాలత్తయ్యా. పడకపోబట్టే పని పోయింది."

అవతల తిట్లు సాగాయి కాసేపు. కూజా ఇంకా ఆవిడ చేతుల్లోనే ఉంది, పెట్టడానికి బల్ల లేదు. నిలబడీ నిలబడీ కాళ్ళు లాగాయి కాబోలు, తిట్లు ఆగాయి. సోఫా స్ప్రింగు కిర్రుమంది. ఆ ఇంట్లో ఆ చప్పుడు ఎవరూ ఎప్పుడూ వినలేదు. కోడలు కత్తెర ఆపి తొంగిచూసింది. అత్తగారు సోఫాలో కూర్చుని, కూజా ఒళ్ళో పెట్టుకుని, తొడుగు ఊడిన సోఫా గుడ్డని చేత్తో తడుముతోంది.

"ఇది ఆకుపచ్చదే," అంది ఎవరితోనో అన్నట్టు. "అక్కకి ఆకుపచ్చంటే ఇష్టమని వెతికి వెతికి కొన్నాను. మర్చేపోయాను."

కోడలికి వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. కానీ గుడ్డ సగం కత్తిరించి ఉంది. వెనక్కి వచ్చి, బల్ల చుట్టూ తిరిగి అటువైపు నుంచి కత్తిరించడం మొదలుపెట్టింది.

కోటు పూర్తికాగానే కొట్టుకి తీసుకెళ్ళింది. కొట్టావిడ దాన్ని తిరగేసి, కుట్లు లాగి చూసి, చంకలో వేలు పెట్టి చూసింది.

"ఈ గుడ్డ నాది కాదే?"

"మా సోఫాదండీ."

"సోఫాకి ఏం కప్పారు మరి?"

"ఏమీ కప్పలేదు. అందరూ దాని మీంచే ఎక్కి పోతున్నారు. మా అత్తగారు కూర్చుంటున్నారు కూడా."

"బల్ల?"

"గీతలు పడ్డాయండీ."

కొట్టావిడ వెనక్కి తిరిగి అరలోంచి తెల్లబట్ట తాను ఒకటి దించి, కోడలి ముందుకు తోసింది.

"మళ్ళీ వచ్చి చూస్తాను," అంది. "ఈసారి చెప్పి రాను."